తమ్ముడు కొన్న తవ్వుడు మిషను

మునిరామయ్య టెంకాయ కొనడానికి నిలబడ్డాడంటే అంగడివాడికి ఆ పూట ఇంక వేరే బేరం సాగదు. కాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాడు. గోటితో కొడతాడు. వాసన చూస్తాడు. పక్కన పెట్టి ఇంకోటి తీస్తాడు. పది కాయలు ఊపి చివరికి మొదట పక్కన పెట్టినదే కొంటాడు. అగ్గిపెట్టె కొంటే పుల్లలు ఎంచుతాడు. చిత్తూరు బస్సెక్కి, ఇది చిత్తూరు పోతుందా అని కండక్టరును అడిగి, పోతుందని వాడు చెప్పినాక పక్కనున్నవాణ్ణి కూడా అడుగుతాడు. బంగారుపాళ్యం చుట్టుపక్కల అతని పేరెత్తితే నవ్వని మనిషి లేడు. పెళ్ళాం నాగరత్నమ్మ మొహం మీదే అనేస్తుంది: "నన్ను సేసుకునేటప్పుడు గూడా ఇట్లనే ఊపి సూసినావా ఏమబ్బా?"

నవ్వేవాళ్ళకేం, నవ్వుతారు. వాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది. మునిరామయ్య పుట్టుకతో అనుమానపు మనిషి కాడు. పదకొండేళ్ళ కిందటిదాకా అతనూ అందరి మాదిరే కాయ కొని సంచిలో వేసుకుని ఇంటికొచ్చేవాడు. లోకమంతా తనను మోసం చేస్తుందన్న భయం, తాను ఒకసారి మోసం చేసిన తరువాతనే పట్టుకుంది.

డెబ్బై ఐదులో అన్నదమ్ములిద్దరూ నాయన వదిలిపోయిన మామిడితోపును పంచుకున్నారు. సర్వేయరు వచ్చి గొలుసు లాగి, తోపు నడుమ హద్దురాయి పాతించి పోయాడు. తమ్ముడు తిరుమలయ్య అప్పట్లో నగరిలో ఒక నేత షావుకారు దగ్గర పనిచేసేవాడు. పంపకం అయిన మరుసటి రోజే బస్సెక్కి వెళ్ళిపోయాడు. హద్దుకు అవతల, తమ్ముడి భాగంలో, ఏడు బేనిషా చెట్లు ఒకే వరుసలో ఉన్నాయి. వాటిని నాటింది నాయనే అయినా, రెండు ఎండాకాలాలు కడవలతో నీళ్ళు మోసి బతికించింది మునిరామయ్య. అవి తనకు కాకుండా పోయాయని అతనికి కడుపు మండిపోయింది. ఒక వాన రోజు, తోపులో మనిషి అలికిడి లేనప్పుడు, హద్దురాయి పక్కనే గుంత తీసి రాయిని అందులోకి దొర్లించి పూడ్చేశాడు. అట్లాంటిదే ఇంకో రాయి తెచ్చి ఏడు చెట్లకు అవతల పాతాడు.

తిరుమలయ్య నాలుగేళ్ళకు నగరి వదిలి ఊరికి వచ్చేశాడు. తోపు చేసుకుంటున్నాడు, నాలుగు ఆవులు పెట్టుకున్నాడు. ఏ రోజూ ఆ రాయి వంక చూడలేదు. వాడెందుకు చూస్తాడు పాపం? వాడికి పన్నెండేళ్ళప్పుడే నాయన పోయాడు. అప్పటినుంచీ అన్నే నాయన వాడికి. ఇంట్లో పనసపండు కోస్తే మొదటి తొనలు అన్నకు పోవాల్సిందే.

చెట్లు పోతాయని మునిరామయ్యకు బెంగ లేదు. ఆ రాయి బయటపడితే వాడు మళ్ళీ "అన్నా" అని పిలవడు. అదీ అతని భయం. ఆ పిలుపు లేకుండా బతకడం ఎట్లాగో అతనికి తెలియదు.

ఎనభై ఆరులో, మామిడికాయల కోతలు ముగిసే రోజుల్లో, ఒక పొద్దున తిరుమలయ్య నవ్వుకుంటూ వచ్చాడు.

"అన్నా, మిషను కొంటా ఉండా."

"ఏం మిషనురా?"

"గుంతలు తవ్వేది. సిన్న ట్రాక్టరు మాదిరి ఉంటాది. ఎనకాల వంగే ఇనప సెయ్యి, సేతికి నోట్లో మాదిరి పండ్లుండే తొట్టి. కొత్తదన్నా, ఎవురూ వాడింది కాదు."

మునిరామయ్య నోట్లో ఉన్న వక్క నమలడం మానేశాడు. "ఆరెకరాల తోపుకు, నాలుగు ఆవులకు మిషనా? నీకేమన్నా పిచ్చి పట్టిందా?"

"కూలోళ్ళు యాడ దొరకతా ఉండారన్నా? ఈ మూడు నెల్లూ అందురూ మామిడి గుజ్జు ఫ్యాక్టరీకే పోతా ఉండారు. కొండమింద పడిన వానంతా మన తోపుల్లో నించి ఊరికే వంకలోకి పోతా ఉండాది. అడ్డంగా ఒక కాలవ తవ్వితే నీళ్ళు ఆడ్నే ఇంకిపోతాయి. నా తోపులో మొదులుపెట్టి నీ తోపు కొస దాకా ఒకటే కాలవ. నీ పక్క గూడా నేనే తవ్వి పెడతా. నువ్వొక్క రూపాయి ఇయ్యబళ్ళేదు."

ఊరికే తవ్వి పెడతాడంట! ఈ లోకంలో ఎవరైనా ఎవరికైనా ఊరికే చేస్తారా? నా నేలలో వీడికేం పని? రాయి సంగతి ఎవరో చెప్పి ఉంటారు. ఎవరు చెప్పారు? ఆ రోజు వానలో మేకలవాడు ఎవడన్నా చెట్టు కింద నిలబడి చూశాడా?

రెండో రోజు చిత్తూరు నుంచి మిషన్లు అమ్మే కొట్టు మనిషి వచ్చాడు. సౌందరరాజన్ అని, నుదుట నామం, తెల్ల చొక్కా, చేతిలో కొలిచే టేపు. నేల వాటం చూసుకుంటూ, తమ్ముడి తోపు నుంచి అన్న తోపులోకి సున్నంతో గీత గీసుకుంటూ పోయాడు. మునిరామయ్య వెనకే నడిచాడు. గీత కొత్తరాయిని దాటింది. ఏడు చెట్ల వరుసను దాటింది. దాటి, సరిగ్గా పాతరాయిని పూడ్చిన చోటు మీదుగా పోయింది. ఎంత నేలుంది, ఇంకెక్కడా చోటు లేనట్టు!

అందరూ వెళ్ళినాక ఆ చోటు మీదున్న మూరెడు గీతను కాలితో చెరిపేశాడు. పొద్దున్నే తిరుమలయ్య వచ్చి చూసి, "ఆవులు తొక్కినట్టుండాయన్నా" అని, ముందటికన్నా లావుగా గీసిపోయాడు. అంతే, మునిరామయ్య అనుమానం రెండింతలైంది. ఆవులు తొక్కితే గిట్ట గుర్తులుండవా? వాడికా మాత్రం తెలియదా? చెరిపింది నేనేనని తెలిసే, నా మొహంలోకి చూస్తూ ఆవుల మీద పెట్టాడు దొంగ వెధవ!

మిషను కొనే రోజు రానే వచ్చింది. తిరుమలయ్య అన్నను వెంటబెట్టుకుని చిత్తూరు పోయాడు. "మా అన్న సూస్తే సాలు, బెమ్మదేవుడు గూడా మనల్ని మోసం సెయ్యలేడు" అని బస్సులో అందరికీ వినబడేటట్టు చెప్పుకున్నాడు. మునిరామయ్య మాత్రం ఎట్లాగైనా ఈ బేరం చెడగొట్టాలనే బయలుదేరాడు.

కొట్టు ముందర మిషను పసుపుపచ్చగా మెరుస్తోంది. మునిరామయ్య దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. రంగును గోటితో గీకాడు. రాలలేదు. టైరు వాసన చూశాడు. తొట్టి పండ్లు ఎంచి, గోడమీది బొమ్మలో పండ్లు ఎంచాడు. సరిపోయాయి. సీటు మీద ప్లాస్టిక్ కాగితం కనబడింది.

"ఇది ఎందుకు కప్పినారు? కింద ఏం దాసినారు?"

"కొత్త సీటు సార్, మాసిపోకుండా" అన్నాడు సౌందరరాజన్.

"కొత్తదైతే దాసేదెందుకు?"

సౌందరరాజన్ కాగితం పీకేశాడు. కింద కొత్త సీటే ఉంది. మునిరామయ్య వదల్లేదు. పొగగొట్టంలో వేలు పెట్టి, మసి అంటిన వేలు తమ్ముడికి చూపించాడు. "సూస్తివా? వాడిందిరా ఇది. రంగేసి అమ్ముతా ఉండారు."

"షెడ్డు నించి ఈడిదాకా నడిపి తెచ్చినాం సార్. ఎత్తుకొని రాలేం గదా?"

కొట్లో ఉన్నవాళ్ళంతా ఫక్కున నవ్వారు. తిరుమలయ్య కూడా నవ్వి, అన్న భుజం మీద చెయ్యి వేశాడు. అన్న ఇంత పట్టిపట్టి చూస్తున్నందుకు వాడికి గర్వంగా ఉంది. ఆ చెయ్యి మునిరామయ్యకు బరువనిపించింది. ఇంక అడగకూడదనుకుంటూనే అడిగాడు.

"నేలలో పెద్ద రాయి ఏమన్నా అడ్డమొస్తే?"

"మనిషెత్తు రాయైనా సరే, పెకలించి పైన పెడుతుంది సార్."

మునిరామయ్య మిషను మీదనుంచి చెయ్యి తీసేశాడు. తిరుమలయ్య సంతకం పెట్టేశాడు.

చిత్తూరులో కొత్త బండి కొన్నవాళ్ళు చాలామంది నేరుగా కాణిపాకం పోయి వినాయకుడికి చూపిస్తారు. వీళ్ళూ పోయారు. మిషను నడిపేది మూడు రోజులుగా కొట్లో నేర్చుకున్నాడు కాబట్టి తిరుమలయ్యే నడిపాడు. బండికి పూలదండ వేసి, పసుపూ కుంకుమా పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, టెంకాయ కొట్టారు. తిరుమలయ్య మొహం పెళ్ళికొడుకు మొహంలా వెలిగిపోతోంది.

కాణిపాకం అంటే ఇంకొకటి కూడా ఉంది. ఆ సామి ముందర అబద్ధం చెప్పి బతికి బట్టకట్టలేరని ఆ జిల్లాలో అందరికీ గట్టి నమ్మకం. ఎంత మొండి తగువైనా "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అంటే తేలిపోతుంది. మునిరామయ్య దారి పొడుగునా దాన్ని గురించే ఆలోచించుకుంటూ వచ్చాడు. వాడికి తెలుసా, తెలియదా? ఇక్కడే తేలిపోవాలి. ఇంక ఒక్క రోజు కూడా ఈ బాధ పడలేను.

"తిరుమలా, సామి ముందర నువ్వొక ప్రమాణం సెయ్యాల."

తిరుమలయ్య తమాషా అనుకున్నాడు. అన్న మొహం చూసి నవ్వు ఆపేశాడు. "నేనా? ఏం తప్పు సేసినానన్నా?"

"తప్పు సెయ్యకుంటే భయమెందుకు?"

"భయం లేదు" అన్నాడు తిరుమలయ్య. "ఈ పొద్దేనా? ఈ పొద్దే కావాల్నా నీకు?"

తిరుమలయ్య చొక్కా విప్పి మిషను సీటు మీద పెట్టాడు. స్నానం చేసి, తడి పంచెతో వణుకుతూ వచ్చి సామి ఎదుట నిలబడ్డాడు. పూజారి కర్పూరం పళ్ళెం పట్టుకుని, "చేయించేది ఎవరు? మాట మీరు చెప్పాల, ఆయన పలకాల" అన్నాడు.

వాడు ఏమంటాడో, ఎట్లా తప్పించుకుంటాడో అని తెగ ఆలోచించిన మనిషి, తానేం అడగాలో మాత్రం అనుకోలేదు. అన్యాయం చెయ్యనని చెప్పమంటే? దాన్ని ఎటైనా తిప్పుకోవచ్చు. మోసం లేదని చెప్పమంటే? అదీ అంతే. టెంకాయనే పది రకాలుగా పరీక్ష చేసేవాడు మాటలో సందు వదులుతాడా? అన్ని పక్కలా కట్టుదిట్టంగా కట్టి మరీ అన్నాడు.

"ఏడు సెట్ల పక్కన పూడ్సిపెట్టిన హద్దురాయిని తవ్వి తీసేదానికి నేను ఈ మిషను కొనలేదు, అని సెప్పు."

తిరుమలయ్య కర్పూరం వైపు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏ హద్దురాయన్నా?"

ఆ మాటలో ఎక్కడా నటన లేదు. మునిరామయ్యకు ఆ క్షణంలో అర్థమైంది. వాడికేమీ తెలియదు. పదకొండేళ్ళుగా ఏమీ తెలియదు. ఇప్పుడు తెలిసింది, తానే చెప్పాడు, అదీ ఈ సామి ముందర.

తిరుమలయ్య అన్నను చూస్తూ నిలబడ్డాడు. ఏడు చెట్లు, రాయి, చెరిగిపోయిన సున్నం గీత, అన్నీ ఒక్కొక్కటే వాడి కళ్ళల్లోకి వస్తున్నట్టు తెలుస్తోంది. తరువాత సామి వైపు తిరిగి, అన్న చెప్పిన మాటలు ఒక్క అక్షరం పోకుండా పలికి, కర్పూరం ఆర్పాడు.

"నాదైపొయ్యింది. నువ్వు సేస్తావా ప్రమాణం?" అన్నాడు. చివర్లో అన్నా అనలేదు.

మునిరామయ్య తల దించుకున్నాడు.

తిరుగుదారిలో తిరుమలయ్య తడి పంచెతోనే నడిపాడు. మునిరామయ్య చక్రం మీది రేకు పట్టుకుని కూర్చున్నాడు. తిట్టినా బాగుండును, కొట్టినా బాగుండును అనుకున్నాడు. వాడు ఆ రెండూ చెయ్యలేదు.

తోపు చేరేసరికి పొద్దు వాలుతోంది. ఊరంతా మిషను చూడడానికి వచ్చి ఉంది. నాగరత్నమ్మ హారతి పళ్ళెంతో ఎదురొచ్చి మరిదికి బొట్టు పెట్టింది. ఎవరో, "తొలి తవ్వు యాడప్పా?" అని అరిచారు.

తిరుమలయ్య సీటు మీదనుంచి దిగకుండానే అన్నాడు. "ఇంటికి పెద్దాయన ఉండాడు గదా. ఆయన యాడ సూపిస్తే ఆడ."

ఎంత మర్యాద తమ్ముడికి అని జనం మెచ్చుకున్నారు. మునిరామయ్య ఒక్కడికే తెలుసు అది ఎట్లాంటి మర్యాదో. ఈశాన్యం మూల చూపిస్తే చాలు, ఎవరూ ఏమీ అనరు. వాడూ అనడు, మారు మాట్లాడకుండా అక్కడే తవ్వుతాడు. జన్మలో మళ్ళీ తన గడప తొక్కడు.

మునిరామయ్య నడిచాడు. ఈశాన్యం దిక్కు కాదు. తన తోపులోకే పోయి, ఏడు చెట్ల వరుస దాటి, ఒక చోట నిలబడి మడమతో నేలను తన్నాడు.

"ఈడ తవ్వు తిరుమలా."

నాగరత్నమ్మ పళ్ళెం పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. "అదేందబ్బా! మిషను వాళ్ళదైతే తొలి తవ్వు మన నేలలో ఏపిస్తా ఉండావు? వాళ్ళ నేలలో గదా ఎయ్యాల?"

"ఇది వాళ్ళ నేలే" అన్నాడు మునిరామయ్య, అందరికీ వినబడేటట్టు.