మూడు మీటింగులూ మా అమ్మా

రైతు ఫోన్ నంబరు ముందు 91 ఉండాలా, వద్దా? ఈ ప్రశ్నకు నాలుగు రోజుల పాటు ఎవరూ జవాబు చెప్పకుండా నేను ఒంటిచేత్తో కాపాడాను. చివరికి ఆ కోట ఎలా కూలిందో చెబుతాను. నవ్వండి, కాకపోతే మా మేనేజరుకు వినిపించకుండా.

కందులు అమ్ముకునే రైతు మార్కెట్టుకు ఏ రోజు రావాలో చెప్పే యాప్ మాది. దాని మీద మూడు జట్లు పనిచేస్తున్నాయి. రైతు పేరూ నంబరూ ఎక్కించేది శ్రవణన్న జట్టు. రోజు కేటాయించేది నస్రీన్ జట్టు. ఆమె తాండూరులో ఇంటి నుంచే పనిచేస్తుంది. రైతుకు మెసేజ్ పంపేది దీప్తి జట్టు. రోజూ పొద్దున ఒక్కో జట్టు పావుగంట కూర్చుని ఏం చేశాం, ఎక్కడ ఆగాం అని చెప్పుకోవాలి. ఆ మూడు మీటింగులకూ కోఆర్డినేటర్‌ను నేను. వికారాబాద్‌లో మా ఇంటి ముందుగది నా ప్రధాన కార్యాలయం. పదవి వచ్చినప్పటి నుంచి లుంగీ మీద కూడా ఇస్త్రీ చొక్కా వేస్తున్నాను.

సోమవారం శ్రవణన్న అడిగాడు: "నంబరు 91 వెట్టి పంపాల్నా?"

"నస్రీన్‌ను అడిగి చెప్త అన్నా."

నస్రీన్ అంది: "మాకెట్లైన ఒకటే భాయ్. మెసేజ్ పంపేది దీప్తి గద, ఆమెనడుగు."

దీప్తి అంది: "శ్రవణన్న ఏమనుకుంటుండో కనుక్కో ముందు."

ముగ్గురికీ "చెప్త" అన్నాను. పట్టికలో మూడు గళ్లకు పసుపు రంగు పూసి "ఎదురుచూపు" అని రాశాను. మర్నాడు ఇంకాస్త ముదురు పసుపు పూశాను. బుధవారానికి అది అచ్చం పెళ్లిపత్రికలా తయారైంది.

పెళ్లంటే గుర్తొచ్చింది, శుక్రవారం నస్రీన్ అక్క నిఖా.

"గురువారంకల్ల పని గాకపోతె సెలవియ్యనన్నడు మేనేజరు. అక్క పెండ్లిల లాప్‌టాప్ వట్టుకోని కూసోవాల్నా భాయ్?"

"ఫికర్ జెయ్యకు, నేనున్న గద!" అన్నాను. ఆమె ఫికరల్లా నేనుండడమేనని నాకు అప్పటికి తెలియదు.

ఇదంతా వింటున్న మా అమ్మ ఒక మాట అంది: "ఆ ముగ్గుర్ని ఒక్కకాడ మాట్లాడియ్యరాదురా శ్రీనూ?"

"గట్ల గాదమ్మా, దీనికో పద్ధతుంటది" అని జాలిగా నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నా ముఖం మీద నుంచి పూర్తిగా తుడుచుకోలేకపోతున్నాను.

గురువారం నాకొక మహత్తరమైన ఆలోచన వచ్చింది. టైము కలిసొస్తుందని మూడు మీటింగులూ తొమ్మిదిన్నరకే పెట్టాను. శ్రవణన్న జట్టు ముందుగదిలో లాప్‌టాప్‌లో. దీప్తి జట్టు మధ్యగదిలో నా ఫోన్‌లో. నస్రీన్ జట్టు వంటింట్లో బియ్యం డబ్బా మీద, అమ్మ ఫోన్‌లో. ఒక గదిలో "మస్తుంది అన్నా" అని ఇంకో గదికి ఉరికి "అవునవును దీప్తీ" అంటున్నాను. మూడో పరుగులో లుంగీ గడపకు పట్టుకుంది. నేను ఇటు పడ్డాను, మీటింగు అటు సాగింది.

ఇంతలో వంటింట్లోంచి అమ్మ గొంతు.

"ఎవరు బిడ్డా?"

"నస్రీన్‌నమ్మా, తాండూర్ నుంచి."

"ఏందమ్మా, గంత పరేషాన్‌ల ఉన్నవ్?"

నాలుగు రోజుల గోసను నస్రీన్ నాలుగు ముక్కల్లో చెప్పేసింది. అమ్మ ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో ఫోను పట్టుకుని బయలుదేరింది. దారిలో మధ్యగదిలోని నా ఫోన్ కూడా తీసుకుని, రెండింటినీ లాప్‌టాప్ పక్కన పెట్టింది.

"అమ్మా, వద్దు! మైకులన్నీ..."

మూడూ కలిసి కూశాయి. వికారాబాద్ జంక్షన్‌లో మూడు రైళ్లు ఒకే ప్లాట్‌ఫారం మీదికి వచ్చినట్టు అనిపించింది. కూత కాస్త తగ్గగానే శ్రవణన్న గొంతు వినిపించింది.

"ఎవరది, నస్రీనా?"

"నేనే అన్నా! నంబరుకు 91 వెడుతున్నవా, లేదా?"

"దీప్తి ఎట్లంటె గట్ల. దీప్తీ, ఉన్నవా?"

"ఉన్న అన్నా. 91 వెట్టు."

"సరె, వెడుత."

అంతే. పొయ్యి మీద పోపు ఇంకా చిటపటమంటూనే ఉంది.

"దీప్తీ, గీ ముక్క నాకెందుకు చెప్పలె?" అన్నాను, నేల మీద నుంచే.

"మల్ల నన్నెవరడిగిండ్రు? రోజొచ్చి 'వాళ్లు ఎదురుచూస్తుండ్రు' అని చెప్పి పోతివి!"

అమ్మ ఫోన్ మీదికి వంగింది. "ఇగ పెండ్లికి పోతవా బిడ్డా?"

"సాయంత్రంకల్ల పనైపోతది, పోతనమ్మా!"

నిజంగానే సాయంత్రానికల్లా పని అయిపోయింది. సెలవూ వచ్చింది. ఆదివారం నస్రీన్ తమ్ముడు తాండూరు నుంచి రైల్లో పెళ్లి మిఠాయి, ఖుబానీ కా మీఠా డబ్బా తెచ్చాడు. మూత మీద "కోఆర్డినేటర్ గారికి" అని రాసి ఉంది. చొక్కా సర్దుకుని చేయి చాపాను.

"మీకు గాదు భాయ్," అన్నాడు ఆ పిల్లాడు, "అమ్మకు."

ఆ డబ్బా మీద చెయ్యి పెట్టి (అంతకు మించి అమ్మ పెట్టనివ్వలేదు) ప్రమాణం చేశాను: ఈ జన్మలో ముగ్గురిని మూడు గదుల్లో పెట్టి మధ్యలో ఉరకను. ఉరకాల్సి వస్తే లుంగీలో మాత్రం ఉరకను.