షెడ్డు షట్టర్ లేవని ఉదయం

2023లో, ఆయుధపూజకు నెల ముందు, తిరుచానూరు మునిరత్నం మూడు చక్రాల స్కూటర్ మీద తిరుపతిలోని మా ఎలక్ట్రానిక్స్ షాపుకు వచ్చాడు. పోలియోతో రెండు కాళ్లూ పడిపోయిన మనిషి. ఒక లాడ్జి రిసెప్షన్‌లో కొత్తగా ఉద్యోగం దొరికింది; పొద్దున ఆరింటికల్లా సీట్లో ఉండాలి. భార్య ధనమ్మ తెల్లవారకముందే పూల అంగడికి పోతుంది. స్కూటర్ షెడ్డుకున్న రోలింగ్ షట్టర్ ఎత్తేవాళ్లు ఉండరు.

"షట్టర్‌కు మోటారు ఉండాదక్కా, దాని స్విచ్చే నాకు అందదు. ఫోన్‌తో తెరిచే పెట్టె కొంటే నెట్ పోయినప్పుడల్లా మొండికేస్తాది. ఉత్సవాలప్పుడు మా ఊర్లో నెట్ యాడుంటాది?"

"నీ షట్టర్ తెరవడానికి ఏ దేశంలోనో ఉన్న సర్వర్‌ను బతిమాలడం ఎందుకు? నువ్వే చేసుకో. టంకం పెట్టడం వచ్చా?"

"సూపిస్తే వస్తాది."

నా కౌంటర్ మీదే నేర్చుకున్నాడు. ఒక వైఫై బోర్డు, మోటారును నడిపే స్విచ్చులాంటి రిలే. దీన్ని లోకల్ కంట్రోల్ అంటాం: ఫోన్ ఇచ్చే ఆజ్ఞ ఇంటి రౌటర్ దాటి బయటికి పోదు, నెట్ లేకున్నా పని జరుగుతుంది. షట్టర్ మనిషి మీదికి దిగకుండా సేఫ్టీ సెన్సార్ కూడా పెట్టాం. ఒక పక్కనుంచి కంటికి కనిపించని కిరణం వస్తుంది, రెండో పక్కనున్న గాజుకన్ను దాన్ని అందుకుంటుంది; అందకపోతే మధ్యలో ఎవరో ఉన్నట్టు లెక్క. ప్రోగ్రాం నేను రాశాను. మూడు వారాలు ఒక్క ఫిర్యాదు లేదు. షాపుకొచ్చిన ప్రతివాడికీ గొప్పగా చెప్పుకున్నాను.

ఆయుధపూజ మర్నాడు పొద్దున అయిదున్నరకు ఫోన్.

"అక్కా, షట్టర్ లేవలా. లోపలే ఉండాను. ఇంగొకసారి లేటైతే రావద్దన్నాడు మేనేజరు."

"రౌటర్ లైటు?"

"ఎలగతా ఉండాది."

"మోటారు ఆగితే షట్టర్‌ను చేత్తో ఎత్తే గొలుసు ఉందిగా, అది లాగు."

"అది ఆడ, పైన ఉండాది. నాకెట్లా అందుతాది?"

గొలుసు అంత ఎత్తున ఉందని నేను ముందే చూశాను, పట్టించుకోలేదు. బండి తీసి పరిగెత్తాను. ధనమ్మ కూడా అంగడి వదిలి వచ్చింది. ఇంట్లోంచి షెడ్డులోకి వెళ్లి చూస్తే, స్కూటర్‌కూ మోటారుకూ నా పెట్టెకూ గంధం, కుంకుమ. సెన్సార్ గాజుకన్ను నిండా కూడా. తుడిచాను. మునిరత్నం ఫోన్ నొక్కితే షట్టర్ లేచింది, స్కూటర్ దూసుకుపోయింది.

"కంట్లో గంధం కొడితే అదెట్లా చూస్తుంది తల్లీ? కాస్తన్నా ఆలోచించొద్దా?" అని విరుచుకుపడ్డాను.

ధనమ్మ తగ్గలేదు. "యంత్రాలన్నిటికీ పెట్టినట్టే దానికీ పెట్టినా. అడ్డముంటే దిగేది ఆగాల, సరే. పైకి లేసేదానికేం రోగం? మనిషి కింద ఇరుక్కున్నా నీ షట్టర్ లేవదా అక్కా?"

ఆమె అన్నది నిజం. ఏది అడ్డొచ్చినా మోటారు మొత్తం ఆగిపోయేలా రాసింది నేనే.

అతను పావుగంట ఆలస్యంగా చేరాడు. మేనేజరుకు ఫోన్ చేసి తప్పు నాదని ఒప్పుకున్నాను, ఉద్యోగం నిలిచింది. సాయంత్రానికల్లా, అడ్డమున్నా షట్టర్ పైకి లేచేలా ప్రోగ్రాం మార్చి, గొలుసు కూర్చున్న మనిషికి అందేదాకా పొడిగించాను.

ఇప్పుడు అలాంటి పెట్టె ఏది అమర్చినా, ముందు సెన్సార్‌కు గుడ్డ కప్పి చూస్తాను, తర్వాత కరెంటు తీసేసి చూస్తాను. రెండుసార్లూ షట్టర్ లోపల స్టూల్ వేసుకుని కూర్చుంటాను. లేచి నిలబడకుండా దాన్ని తెరవలేకపోతే, ఆ పని ముగిసిందని సంతకం పెట్టను.