అడ్డపొగ వాసన

కంటికి కనిపించనిదాన్ని నేను నమ్మను. ఎక్స్ విలువ కనుక్కోమన్నారనే ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. ఇక దెయ్యాలో లెక్కా?

చీపురుపల్లి సంతలో చేపలమ్ముతాను. కుళ్లిన చేపని కూడా చేత్తో తీసి పారేస్తాను, నాకు అసహ్యమేమిటి అనుకునేవాణ్ణి, ఏడో నెలకే పుట్టిన నా కూతుర్ని చూసేదాకా. తోలు వొలిచిన ఉడతపిల్లలా ఉంది. ఒళ్లంతా నూగు, జిగట.

నా భార్య నూకాలుకి ఆపరేషనయ్యాక బీపీ దిగక వేరే వార్డులో ఉంచారు. అందుకని నర్సమ్మ నన్ను పిలిచింది.

"సొక్కా ఇప్పు బాబూ. పిల్లని నీ గుండెకి కడతాను."

పురుడు వెళ్లకుండా మగాడు బిడ్డని ముట్టుకోకూడదని మా అత్త ముందే అంది. తప్పించుకోవడానికి దొరికిందే చాలని ఆ మాటే అప్పజెప్పాను.

"పురుడెల్లేదాకా ఇది బతకొద్దేటి? తోలుకి తోలు తగిల్తేనే దీనికి ఎచ్చన. నీ ఊపిరి ఇంటా ఉంటే దీని ఊపిరి గాడిలో పడతాది. తల మాత్రం పక్కకే ఉండాల, సూసుకో" అని కసిరి కట్టేసింది.

పట్టపగలు. ఏసీ గది, కిటికీలన్నీ మూసున్నాయి. పిల్ల నోట్లోంచి పులిసిన పాలు నా ఛాతీ మీదకి కారాయి. చెమటతో కలిసి కిందికి జారుతుంటే ఒళ్లు జలదరించింది. గుడ్డ కట్టు కాస్త వదులు చేసి, మొహం గోడవైపు తిప్పుకున్నాను. కన్నబిడ్డ నుంచి. ఇప్పుడు రాస్తుంటే నా మీద నాకే రోతగా ఉంది.

అప్పుడొచ్చింది అడ్డపొగ వాసన. మా అమ్మ చుట్టని నిప్పున్నవైపు నోట్లో పెట్టుకుని కాల్చేది. ఆ కంపుకి చిన్నప్పుడు ముద్దు పెట్టనిచ్చేవాణ్ణి కాదు. ఆఖరి రోజుల్లోనూ మంచం దగ్గరికి పోకుండా గుమ్మంలోనే నిలబడ్డాను. ఆమె పోయి రెండేళ్లు.

గరుకు చెయ్యి ఒకటి నా మెడ పట్టుకుని తల కిందికి వంచింది. చూద్దును కదా, పిల్ల జారిపోయి, గడ్డం రొమ్ముకి అతుక్కుపోయి, పెదాలు నీలంగా ఉన్నాయి. అరిచాను. నర్సమ్మ పరిగెత్తుకొచ్చి తల సరిచేసి, అరికాలు రుద్దింది. పిల్ల కుయ్యిమంది.

నర్సమ్మ ముక్కు ఎగబీల్చింది. "ఏటి, ఇక్కడ సుట్ట కాల్సేవా?"

నా చొక్కా జేబు వెతికింది. చేప పొలుసు దొరికింది. గదిలో ఇంకెవరూ లేరు.

ఆ తర్వాత నూకాలు కోలుకునేదాకా రోజూ నేనే కట్టుకున్నాను. పిల్ల ఒళ్లు చేసింది. ఆ వాసన మళ్లీ రాలేదు. నాదంటే చేపల ముక్కు, నమ్మక్కర్లేదు. నర్సమ్మ ముక్కుకేమైంది? ఇప్పటికీ నాకు తెలీదు.

జరిగిందంతా దాచకుండా చెప్పి, అమ్మే వచ్చిందేమోనని నూకాలుతో అన్నాను. పిల్లకి పాలిస్తూ తలెత్తకుండానే అంది:

"వస్తాది మరి. బతికున్నోడివి నువ్వు మొకం తిప్పేసుకుంతే, సచ్చిపోయినామె ఏటి సేస్తాది?"