కడిగిన రక్తం

లేని క్యాన్సర్‌ను నేను నా సొంత తెలివితో ఇంటికి పిలుచుకొచ్చిన కథ ఇది. నవ్వండి, పర్వాలేదు. ఆ రోజు మాత్రం మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

మాది పుంగనూరు. కిడ్నీలు చేతులెత్తేశాక డయాలిసిస్ కోసం మదనపల్లెకు తిరిగేవాణ్ణి. మా ఆవిడ గిరిజ తన కిడ్నీ ఒకటి నాకిస్తానంది. ఆపరేషన్‌కు ముందు చేసే పరీక్షల్లో చివరికి పీఎస్ఏ ఒక్కటే మిగిలింది. మగవాళ్ళకు ప్రొస్టేట్ క్యాన్సర్ అనుమానం ఉందేమో చూసే రక్తపరీక్ష అది. అందులో తేడా వస్తే ఆపరేషన్ ఆగిపోతుంది.

"మిషన్ ఎక్కకముందే రక్తం ఇచ్చేయండి" అన్నాడు డాక్టర్.

నేనేమో టమాటా వ్యాపారిని. తుడవకుండా ఒక్క కాయను మండీలో పెట్టిన పాపాన పోలేదు. అలాంటివాణ్ణి మురికి రక్తం చూపిస్తానా? డయాలిసిస్ మిషన్ ఎలాగూ రక్తాన్ని కడుగుతుంది, కడిగాకే ఇద్దామనుకున్నాను.

మిషన్ చూసుకునే మునిరాజు సిరంజి పట్టుకొచ్చాడు.

"అప్పా, సెయ్యి ఇట్ల పెట్టు."

"ఇప్పుడొద్దు మునిరాజూ, కండ్లు తిరగతాండాయి. దిగినాక తీసుకో."

"డాక్టర్ ముందే తీయమన్నాడు గదా?"

"ఆయనతో నేను మాట్లాడినాలే!"

పచ్చి అబద్ధం. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. నేను తవ్వడానికి మునిరాజును కూడా సాయం పెట్టుకున్నాను. మిషన్ దిగి, పెళ్ళికొడుకులా చెయ్యి చాపి రక్తమిచ్చాను.

రిపోర్టులో అంకె హద్దు దాటింది. ఆపరేషన్ ఆపేశారు. గిరిజ ఏడ్చింది. కుప్పం నుంచి మా అత్త ఫోన్ చేసింది.

"ఏమప్పా, ఉండే రోగం సాలదని ఇంగోటి తెచ్చుకుంటివా?"

మర్నాడు డాక్టర్ రిపోర్టును అటూ ఇటూ తిప్పి, "రక్తం ఎప్పుడిచ్చారు?" అని అడిగాడు.

నేను పైకప్పు వైపు చూశాను. గిరిజ నా వైపు చూసింది.

"మిషన్ దిగినాక సార్. కడిగిన రక్తమైతే బాగుంటాదని..."

డాక్టర్ పెన్ను కింద పెట్టేశాడు. "మిషన్ ఒంట్లో నీళ్ళు లాగేస్తుందయ్యా. ఈ పీఎస్ఏ మాత్రం అంత సులభంగా బయటికి పోదు. రక్తం చిక్కబడితే అంకె పెరగదా?"

"పులుసు మరిగిస్తే ఉప్పు యాడికి పోతాది సార్, ఇంకా ఉప్పగైతాది!" అంది గిరిజ, కళ్ళు తుడుచుకుంటూ.

మళ్ళీ పరీక్ష చేశారు. ఈసారి మిషన్ ఎక్కకముందే, గిరిజ కాపలాలో. అంకె హద్దు లోపలే ఉంది. ఆ కాగితం చూసి సంతోషంతో నేనూ ఏడ్చాను.

"సార్, ఎట్లాగూ నా కిడ్నీ పెడతాండారు గదా, దాంతోపాటు నా బుద్ధి కూడా రవ్వంత పెట్టి కుట్టండి" అంది గిరిజ.

"దానికి మ్యాచింగ్ కుదరదమ్మా" అన్నాడు డాక్టర్.

ఇప్పుడు గిరిజ కిడ్నీ నా ఒంట్లో చక్కగా పనిచేస్తోంది. ఇక ఈ జన్మలో డాక్టర్ మాటకు నా తెలివి కలపనని ఆ కిడ్నీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. సాక్షి నా కడుపులోనే కూర్చుంది, పైగా గిరిజ పుట్టింటి తరఫు. మాట తప్పితే నేను బతకను.