తల వంచి తీసే కెమెరా

హిందూపురం స్టూడియోలకు డిజిటల్ వచ్చాక పాత పెద్ద ఫిలిం కెమెరాలు అమ్మకానికొచ్చాయి. కంటికి ఆనించి చూసే రకం నా జీతానికి అందలేదు. అందింది రెండు లెన్సులది. దాన్ని కడుపు దగ్గర పట్టుకొని, తల బాగా వంచి, పైనుంచి అద్దంలోకి చూడాలి. రోలుకు పన్నెండే ఫోటోలు. ఒక్కటి పాడైనా నాకు ఒళ్ళు మండేది.

మొదటి ఫోటో పెనుకొండలో మా అవ్వది. "కదలొద్దవ్వా" అని గట్టిగా చెప్పి తల వంచాను. నేను దండం పెడుతున్నాననుకుంది కాబోలు, అవ్వ కుర్చీలోంచి లేచొచ్చి నా నెత్తిన రెండు చేతులూ పెట్టింది. "సల్లగుండు నాయనా!"

ఉలిక్కిపడి మీట నొక్కేశాను.

"ఫిలిం పాయె కదవ్వా!" అని అరిచాను.

"తల వంచినోణ్ణి ఊరికే యాడ పంపుతారప్పా?" అని అవ్వే నన్ను గదమాయించింది.

ధర్మవరంలో ప్రింటు వేసినాయన ఫోటోను అటూ ఇటూ తిప్పి చూశాడు. అందులో అవ్వ నడుము, వక్కాకు సంచి, అంతే.

"ఏమప్పా, మొగం లేదు, చేతులన్నా లేవే?"

"చేతులు నా నెత్తిమీదుండాయన్నా" అన్నాను. "పెద్ద సైజు కొట్టియ్యి."