పంట వేరు, గుంట వేరు

రొయ్యల కంపెనీ సాఫ్ట్‌వేర్‌కు నమూనా గీసిన మా టీం ఆర్కిటెక్ట్ అక్క దేని గురించి చెప్పినా ఒకటే అడిగేది: "అది పోతే ఏం మిగులుతాది?"

అంతకుముందు గుంటలో రొయ్యలు పట్టగానే ఆఫీసువాళ్లు ఆ గుంటను కంప్యూటర్లోంచి తీసేసేవారు. మళ్లీ అందులోనే రొయ్యపిల్ల వదిలితే కొత్త పేరు పెట్టేవారు. నిరుడు తెగులు ఏ గుంటకు వచ్చిందో ఎవరికీ తెలిసేది కాదు. ఇందుకూరుపేటలో ఎండిన గుంట గట్టు మీద నిలబడి అక్క నాతో అంది: "రొయ్య పోయినా గుంట యాడికీ పోదు అబ్బయ్యా. తెగులు మట్టిలోనే ఉండాది."

అందుకే తన నమూనాలో ఒక్కో విడత రొయ్యల పంటకు ముగింపు తేదీ గడి పెట్టింది, గుంటకు పెట్టలేదు. సిబ్బంది వివరాల్లోనూ అంతే: ఉద్యోగానికి పెట్టింది, మనిషికి పెట్టలేదు.

మొన్న మైపాడు రోడ్డు ప్రమాదంలో అక్క పోయింది. ఆఫీసువాళ్లు ఆమె పేరు కంప్యూటర్లోంచి తీసేయమన్నారు. ఉద్యోగం ముగించాను. మనిషి పేజీలో తేదీ వేయడానికి గడి లేదు.

ఆ గడి చేర్చడం నాకు నిమిషం పని. చేతులు రావడం లేదు.