ఘుగ్రీల మీద పట్టని హెడ్‌ఫోన్లు

జనగామ బస్టాండుకు ఎదురు వరసలో మా అబ్బా ఫకీర్ అహ్మద్‌కు ఒక దుకాణం ఉండేది. ముందు క్యాసెట్లు అమ్మాడు, తర్వాత సీడీలు, వాటి కాలం కూడా తీరాక కంప్యూటర్ సామాన్లు. డిగ్రీ అయ్యాక గల్లా దగ్గర నేను కూర్చునేదాన్ని. నా పేరు అర్షియా. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని గిరాకీలందరికీ తెలుసు. అందరికంటే బాగా తెలిసింది హెడ్‌ఫోన్ల కోసం వచ్చే పోరగాళ్లకు.

వాళ్ల బేరం ఎప్పుడూ ఒకటే. ఆట ఆడాలి, పాటలు వినాలి, ధర తక్కువ ఉండాలి, చూడటానికి పెద్దగా ఉండాలి, వీలైతే లైటు వెలగాలి. చెవికి పెట్టుకునేదానికి లైటెందుకురా, నీ చెవుల్లోకి నువ్వు తొంగి చూసుకుంటావా అని తిట్టేదాన్ని. తిడుతూనే చెప్పేదాన్ని. ధన్‌ధన్ అని మోగినంత మాత్రాన మంచిది కాదు, పాడేవాళ్ల గొంతు అందులో మునిగిపోకూడదు. తుపాకుల ఆటకైతే ఎవరు ఏ పక్కనుంచి నడిచొస్తున్నారో తెలియాలి. కంప్యూటర్ డబ్బా బల్ల కింద ఉంటుంది కాబట్టి వైరు పొడుగ్గా ఉండాలి. ఆకుపచ్చ పిన్ను వినడానికి, గులాబీ పిన్ను మాట్లాడటానికి. తల మీద బరువు కాకూడదు. నాకొచ్చిన విద్య ఇంతే. ఇంతకు మించి తెలుసుకోవడానికి ఏముంటుందిలే అనుకున్నాను, కమ్లీ మా దుకాణం మెట్టెక్కేదాకా.

అది రెండువేల పది మొదట్లో. డిసెంబర్‌లో తెలంగాణ ఇస్తున్నామన్నారు, ఆ నెల తిరక్కుండానే మాట వెనక్కి తీసుకున్నారు. ఇక ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంది. ఈరోజు బంద్ అంటే రేపు రాస్తారోకో. మా దుకాణానికి ఎదురుగా దీక్షా శిబిరం వేశారు. దాని లౌడ్‌స్పీకర్ మూతి సరిగ్గా మా గడప వైపే తిప్పి కట్టారు. పొద్దంతా పాటలు, ఉపన్యాసాలు. ఉద్యమం మీద నాకెంత ప్రేమ ఉన్నా, ఆ స్పీకర్ కట్టినవాడు దొరికితే మాత్రం వదిలేదాన్ని కాదు.

ఆ రోజు కొడకండ్ల దగ్గరి తండా నుంచి వెంకటేశ్ వచ్చాడు. మా ఊళ్లో డిగ్రీ చదివేవాడు. కూలికి పోయి కూడబెట్టుకుని, మా దగ్గరే పాత కంప్యూటర్ ఒకటి కొన్నాడు. ఇప్పుడు దానికి హెడ్‌ఫోన్లు కావాలి. వెంట తల్లీ తండ్రీ ఉన్నారు. వాళ్లు దవాఖానకని వచ్చారట. తండ్రి టీక్యా బయట మెట్టు మీద బీడీ ముట్టించుకున్నాడు. తల్లి కమ్లీ లోపలికొచ్చి ద్వారం పక్కన స్టూలు మీద కూర్చుంది. అద్దాల రవిక, చేతుల నిండా గాజులు, జుట్టుకు అల్లి రెండు చెంపల మీదికి వేలాడదీసిన వెండి ఘుగ్రీలు, వాటి చివర చిన్న చిన్న మువ్వలు. నేను అటే చూస్తున్నాను. అంతలో శిబిరంలో మైకు ఒక్కసారిగా కీచుమంది. అబ్బా చెవులు మూసుకున్నాడు, నేనూ మూసుకున్నాను, టీక్యా చేతిలో బీడీ జారిపోయింది. ఆ స్పీకర్‌కు ఎదురుగా కూర్చున్న కమ్లీ మాత్రం రెప్ప కూడా ఆడించలేదు.

అప్పుడు తెలిసింది, ఆమెకు వినపడదని. కంకర మిషన్ దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిందని వెంకటేశ్ చెప్పాడు. రాళ్లు నలిగే చప్పుడు ముందు చెవుల్లోకి, తర్వాత నిద్రలోకి వచ్చి, చివరకు అది తప్ప ఇంకేదీ వినపడకుండా చేసిందట. చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా అరిస్తే కొంచెం అందుతుంది. రెండు చెవులకూ మిషన్లు పెట్టాలని డాక్టర్ చెప్పాడు. వాళ్ల తాహతుకు అది ఇప్పట్లో అయ్యే పని కాదు. పైగా కూతురు లత పెళ్లి దగ్గర పడింది.

పెళ్లి అనగానే కమ్లీ ముఖం మారింది. పెదాలను బట్టి అర్థం చేసుకుంది కాబోలు. లంబాడీల్లో అత్తవారింటికి పోయేటప్పుడు పిల్ల తల్లిని పట్టుకుని రాగం తీసి ఏడుస్తుంది. దాన్ని ఢావ్లో అంటారు. అందులో ఏడుపూ పాటా వేరు కావు. కూతురు ఒక మాట అంటుంది, తల్లి, దగ్గరి చుట్టాల్లోని ఆడవాళ్లు దానికి జవాబు కట్టి పాడతారు. ముందే నేర్చుకున్న జవాబు పనికిరాదు, కూతురు ఏమంటే దానికే చెప్పాలి.

"నిరుడు మా ఆడబిడ్డ కూతురు పెండ్లిల, పిల్ల ఒకటంటె నేనొకటన్న. ఆడోళ్లు నవ్విన్రు," అంది కమ్లీ. "నా బిడ్డ ఏడిస్తె నేను సక్కగ జవాబియ్యాలె. గంతే బిడ్డా, ఇంకేం అడుగుతలేను."

నా దగ్గర చెవి మిషన్లు లేవు. హెడ్‌ఫోన్లున్నాయి. వెంకటేశ్ మీద పడ్డాను, తొందరగా ఏదో ఒకటి చూసుకో అని. వాడి కన్ను అప్పటికే ఒకదాని మీద ఉంది. నల్లటిది, చిప్పలంత పెద్ద కప్పులు, ముందుకు వంగిన మైకు, పక్కన ఎర్ర లైటు. లైటు సంగతి పక్కన పెడితే నిజంగానే మంచిది. దుకాణంలో కంప్యూటర్‌కు తగిలించి తుపాకుల ఆట పెట్టాను. వాడు ఆడుతుంటే ముఖం వెలిగిపోయింది. దాంట్లో ఏముందని కమ్లీ సైగ చేసి అడిగింది. నేను సౌండు చివరిదాకా పెంచి ఆమెకు ఇచ్చాను.

తల మీంచి పెట్టుకోబోతే ఘుగ్రీలు అడ్డం. కప్పు కింద వెండి నొక్కుకుని చెంప కోస్తోంది. పక్కకు జరిపితే జారిపోతోంది. ఆమె కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తలకిందులు చేసి, పట్టీ గదమ కిందికి వచ్చేట్టు కింది నుంచి పెట్టుకుంది. డాక్టర్ గొట్టం పెట్టుకున్నట్టే ఉంది. నాకు నవ్వొచ్చింది. ఎడమది కుడి చెవికి పోయింది అవ్వా అని వేళ్లతో చూపించాను.

"కుడేంది, ఎడమేంది బిడ్డా," అంది. "నా బిడ్డ నా ముందట్నే ఉంటది గద."

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆటలో ఎవరో వెనకనుంచి నడిచొచ్చారు. కమ్లీ గభాల్న మర్లి చూసింది. వెనక గోడ తప్ప ఏమీ లేదు. ఆ గోడనే చాలాసేపు చూసింది. నేను వేలసార్లు విన్న ఆ ఉత్తుత్తి అడుగుల చప్పుడుకు ఒక మనిషి అట్లా మర్లి చూడటం నేనెన్నడూ చూడలేదు.

అప్పుడు తట్టింది నాకు. సౌండ్ సెట్టింగుల్లో మైకు కింద ఒక టిక్కు ఉంటుంది. అది తీసేస్తే మైకులో పడ్డ చప్పుడు నేరుగా హెడ్‌ఫోన్లలోకి వస్తుంది. దాన్ని పెంచే మీట కూడా పక్కనే ఉంటుంది. గిరాకీలు పొరపాటున ఆ టిక్కు తీసుకుని, ఏదో గీగీమంటోందక్కా అని తెచ్చేవాళ్లు, నేను తిట్టి సరిచేసి పంపేదాన్ని. ఇప్పుడు నేనే తీశాను.

కమ్లీ బిగుసుకుపోయింది. తల కొద్దిగా కదిపింది. ఆగింది. మళ్లీ కదిపింది. ఘుగ్రీల మువ్వలు సరిగ్గా మైకు పక్కనే ఊగుతున్నాయి. ఆమె వాటిని రెండు వేళ్లతో పట్టుకుని చూసుకుంది.

"ఇవి నాయేనా?" అంది.

పెళ్లినాటి నుంచి ఆ మువ్వలు ఆమె చెవుల పక్కనే మోగుతున్నాయి. అవి మోగుతున్న సంగతే ఆమె మరిచిపోయి ఎన్నేళ్లయిందో. ఆ స్టూలు మీద కూర్చుని తల ఊపుతూ, ఆపుతూ, ఊపుతూ ఉండిపోయింది. మా అబ్బా లేచి నిలబడి "సుభానల్లా" అన్నాడు మెల్లగా. పది రూపాయల విలువ చేయని ఆ చిన్న మైకు ముక్క ముందు నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను.

చిక్కు కూడా అక్కడే వచ్చింది. నేను మాట్లాడితే ఆమెకు మాట అందడం లేదు. మువ్వల చప్పుడులో నా గొంతు మునిగిపోతోంది. ఢావ్లోలో తల్లీ కూతుళ్లు పట్టుకుని ఊగుతారు, అప్పుడిక మువ్వలే తప్ప లత గొంతు ఎక్కడ వినపడుతుంది? పెళ్లి రోజు ఆ కాసేపు ఘుగ్రీలు తీసి పక్కన పెట్టమని చెప్పమన్నాను వెంకటేశ్‌కు. జవాబు బయటి మెట్టు మీంచి వచ్చింది.

"అవి తీసేది నేను సచ్చిన్నాడు," అన్నాడు టీక్యా.

కోపంగా అనలేదు. మొగుడు ఉన్నన్నాళ్లూ అవి తీయకూడదన్నది వాళ్ల ఆచారం, తెలియని నాకు చెప్పాడంతే. నేను సిగ్గుపడ్డాను. అల్మారాల్లో పెట్టెలు వెతకడం మొదలుపెట్టాను. అప్పుడు ఇంకో విషయం తోచింది. మైకు ఉండాల్సింది కమ్లీ దగ్గర కాదు, లత దగ్గర. మైకు లేని పల్చటి హెడ్‌ఫోన్లు ఒకటి, పొడుగు వైరు మైకు విడిగా ఒకటి తీసుకుంటే సరిపోతుంది. రెండూ కలిపి ఆ పెద్దదాని ధరే అవుతుంది. కానీ ఆ పల్చటిదాంట్లో ధన్‌ధన్ అనే బాస్ ఉండదు, ఆటలో అడుగులు ఎటునుంచి వస్తున్నాయో అంతగా తెలియదు, లైటు అసలే లేదు. ఆ మాట వెంకటేశ్‌కు దాచకుండా చెప్పాను. వాడు ఎర్ర లైటుదాన్ని మెల్లగా దాని అట్టపెట్టెలో పెట్టి, మూత వేసి, తనే అల్మారాలో సర్దాడు.

పెళ్లికి మమ్మల్ని పిలిచారు. మా అబ్బా, నేనూ స్కూటర్ మీద పోయాం. వాకిట్లో నులకమంచం వేసి దాని మీద కంప్యూటర్ పెట్టారు. పక్కన యూపీఎస్. తండా అంతా దాని చుట్టూ తిరుగుతోంది. వెంకటేశ్ కాపలా కుక్కలా ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదు.

పెళ్లికొడుకు వాళ్లు మానుకోట వైపు నుంచి రావాలి. దారిలో రాస్తారోకో. వాళ్ల జీపు గంటల తరబడి అక్కడే ఆగింది. జై తెలంగాణ అని వాళ్లూ రోడ్డు మీద కూర్చుని వచ్చారట. దాంతో పొద్దున జరగాల్సిన పని మధ్యాహ్నానికి జరిగింది, మధ్యాహ్నం కావాల్సిన సాగనంపు కరెంటు కోత వేళకు పడింది. కూతురు తల్లి ముందు నిలబడిందో లేదో కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్ కుయ్ అని అరవడం మొదలుపెట్టింది. అది ఎంతో సేపు రాదని నాకు తెలుసు, వెంకటేశ్‌కూ తెలుసు. వాడు చటుక్కున మానిటర్ ఆపేశాడు, కొంచెమైనా మిగులుతుందని.

లత మైకును పిడికిట్లో పట్టుకుని రాగం ఎత్తుకుంది. ఆమె ముఖం చూస్తేనే తెలిసింది, ఈ యంత్రాన్ని ఆమె నమ్మలేదని. తల్లికి వినపడుతుందనుకుంటే ఆ మాట అనేది కాదేమో. నాకు వాళ్ల భాష రాదు. మంచం పక్కన నా దగ్గరే నిలబడిన వెంకటేశ్ తెలుగులో చెప్పాడు.

"'యాడీ, కంకర మిషన్ కాడికి సద్ది తెచ్చి పిల్చిన. నువ్వు మర్లలే. జరమొచ్చి పిల్చిన. నువ్వు మర్లలే' అంటున్నది అక్క."

యాడీ అంటే అమ్మ. ఆడవాళ్ల ఏడుపు ఒక్కసారి తగ్గింది. అందరూ కమ్లీ వైపే చూస్తున్నారు. ఆమె గదమ కింద పట్టీ, చెవుల మీద ఆ పల్చటి నల్ల కప్పులు, వాటి పక్కన ఊగుతున్న ఘుగ్రీలు. యూపీఎస్ అరుస్తూనే ఉంది. కమ్లీ కళ్లు మూసుకుంది. నిరుడు నవ్విన ఆడవాళ్లు ఇంకా దగ్గరికి జరిగారు. నేను మనసులో దువా చేసుకున్నాను, ఇంకొక్క నిమిషం అని.

కమ్లీ కూతురి రెండు చెంపలూ పట్టుకుని గొంతెత్తింది. ఆ గొంతు అంత పెద్దదని నేను అనుకోలేదు. తన గొంతు తనకే వినపడి ఆమె ఒక్క క్షణం తడబడింది, మళ్లీ అందుకుంది. వెంకటేశ్ చెప్పాల్సింది చెప్పలేక మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత చెప్పాడు.

"'ఇప్పుడు పిలువు బిడ్డా, ఇగో, మర్లిన' అన్నది."

లత మైకు వదిలేసి తల్లి మీద పడిపోయింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా ఒక్కసారి ఘొల్లుమన్నారు. ఆ ఏడుపు మధ్య యూపీఎస్ అరుపు ఎప్పుడు ఆగిపోయిందో ఎవరూ చూడలేదు. నేను చూశాను, కమ్లీకీ తెలిసింది. వెంకటేశ్ హెడ్‌ఫోన్లు తీయబోతే ఆమె వాడి చేయి పక్కకు నెట్టేసింది. పిన్ను పీకేసి, మోగని హెడ్‌ఫోన్లతోనే కూతుర్ని జీపు దాకా నడిపించింది. నేను దుకాణంలో ఎంతమందికి ఎన్ని అమ్మానో లెక్కలేదు. ఒక మనిషి వాటిని పెట్టుకుని నడుస్తుంటే దండం పెట్టాలనిపించింది మాత్రం అప్పుడే.

చాన్నాళ్లకు వెంకటేశ్ మళ్లీ వచ్చాడు, మైకు పిన్ను వదులైందని. ఆట ఎట్లా ఉందిరా, అడుగులు వినపడుతున్నాయా అని ఎగతాళి చేశాను. చప్పుడు లేకుండానే ఆడుతున్నానన్నాడు, హెడ్‌ఫోన్లు యాడీ చెవులకే ఉంటాయి కాబట్టి. కరెంటు ఉన్న వేళ చూసి లత ఫోన్ చేస్తుందట. వాడు ఫోను స్పీకర్ పెట్టి మైకు దగ్గర పట్టుకుంటాడట.

"ఏం మాట్లాడుకుంటర్రా అంతగనం?" అన్నాను.

"ఏముంటదక్కా. అక్క ముందుగాల 'యాడీ' అంటది," అన్నాడు. "యాడీ ప్రతిసారి గదే జవాబిస్తది. 'ఇగో, మర్లిన' అని."

పిన్ను బాగుచేసి ఇచ్చాను. ఆ రోజు వాడిని తిట్టడానికి నాకు ఏమీ దొరకలేదు.